నాలుగు ముడుల సెలవు

ఏజెన్సీలో పోస్టింగ్ వచ్చిందని ఆర్డరు కాగితం చూసుకుని ఏడ్చిన కొత్త టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. సిగ్గుపడకండి, నేనూ ఏడ్చాను. బొబ్బిలి బస్టాండులో, ట్రంకుపెట్టె పక్కన నిలబడి, నలుగురూ చూస్తుండగా ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. "ఉద్యోగం వచ్చి ఏడుస్తావేటే, రాక ఏడ్చేవాళ్ళని చూడు" అని మా ఆయన కసిరాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళకి రిటైరై అవే కొండలు దిగుతూ మళ్ళీ ఏడ్చాను. ఈసారి ఆయన కసరలేదు, చేతిరుమాలు అందించాడు.

ట్రైనింగులో పాఠం ఎలా చెప్పాలో నేర్పుతారు. చెప్పడానికి ఎదురుగా పిల్లలంటూ ఉండాలి కదా, వాళ్ళని బడికి రప్పించడం ఎలాగో మాత్రం ఒక్కరూ చెప్పరు. నా సర్వీసులో సగం దానికే పోయింది. ట్రాన్స్‌ఫర్లూ, ప్రమోషన్లూ, పే రివిజన్లూ మీకెందుకు? అవి చెప్పేవాళ్ళు స్టాఫ్‌రూముకి నలుగురుంటారు. నేను ఒక ఊరి గురించి, ఒక పిల్ల గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ పిల్లని అడిగే రాస్తున్నాను. పేరు మార్చమంది, మార్చాను. సుక్రి అనుకుందాం.

పేర్లు ముప్పై ఒకటి, పిల్లలు తొమ్మిది మంది

హుకుంపేటలో గది అద్దెకి తీసుకున్నాను. పొద్దున్నే జీపులో రోడ్డు ఉన్నంత దూరం వెళ్ళి, అక్కణ్ణుంచి గంటసేపు కొండవాలు వెంట నడిస్తే మా బడి. ఒకటే గది, ఒకటే వరండా, టీచర్ని నేనొక్కదాన్నే. హాజరు పట్టీలో ముప్పై ఒక్క పేర్లుంటే, మొదటి రోజు నా ఎదురుగా కూర్చున్నది తొమ్మిది మంది. అందులో ఇద్దరి వీపున చంటిపిల్లలు.

నాకు కోపం ఎక్కువ. ఇప్పుడు తగ్గింది గానీ అప్పట్లో ముక్కు మీదే ఉండేది. ఇంటింటికీ వెళ్ళి అరిచేదాన్ని. "పిల్లల్ని బడికి పంపకపోతే ఎలా బాగుపడతారు? మీకు బాధ్యత లేదా?" అని ఊరంతా వినబడేలా ఉపన్యాసం. సుక్రి తండ్రి గాసి అప్పుడు గుమ్మంలో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగేదాకా ఓపిగ్గా విన్నాడు.

"నువ్వలగ అరిత్తే మా సోడి సేనులో కలుపు సచ్చిపోద్దేటి టీచరమ్మా?" అన్నాడు.

చుట్టూ ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆలోచిస్తే ఆయనన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. వాళ్ళ సోడి చేలో, అంటే రాగిచేలో, సుక్రి కలుపు తీయకపోతే ఇంకెవరు తీస్తారో నేను అడగనేలేదు.

ఏడాదంతా అక్కడ ఏదో ఒక పని ఉంటుంది. వానల్లో కలుపు, ఆ తర్వాత కోతలు, చలికాలం కాఫీ పళ్ళు కోయడం, ఎండల్లో అడ్డాకులూ చింతపండూ. మధ్యలో సంత. ఇవి కాక చుట్టాల ఊళ్ళు. మా పిల్లలు పనికి పోయిన రోజులకంటే చుట్టాల ఊరికి పోయి ఉండిపోయిన రోజులే ఎక్కువ. పండక్కని మేనమామ ఊరికి వెళ్ళిన పిల్ల ఇరవై రోజులకి గానీ తిరిగొచ్చేది కాదు. "సోమవారానికల్లా వచ్చెయ్యాలి" అని గట్టిగా చెప్పి పంపేదాన్ని. సోమవారాలు వస్తూనే ఉండేవి, పిల్లలు మాత్రం వచ్చేవారు కాదు.

చిలకమ్మ చెప్పిన ఉపాయం

బడిలో మధ్యాహ్న భోజనం వండేది చిలకమ్మ. ఊళ్ళో సగంమందికి పిన్నీ, మిగతా సగానికి వదినా. నా అరుపులన్నీ వంటపాక లోంచి వింటూ ఉండేది. ఒకరోజు గిన్నెలు తోముతూ అంది.

"నువ్వు సోమారం అంటావు. ఆ కొండ మీద సోమారమేటో మంగళారమేటో ఎవులికి గుర్తుంటాది? తాడియ్యి."

"తాడేంటి?"

అప్పుడు చెప్పింది. ఆ కొండల్లో పెళ్ళికో, చావు తర్వాత చేసే దినానికో పక్క ఊళ్ళని పిలవాలంటే, అడ్డతీగ నారతో పేనిన తాడుకి ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసి బారికి చేత పంపుతారట. బారికి అంటే ఊరి కబుర్లు మోసేవాడు. తాడు అందుకున్న ఇంట్లో రోజుకొక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు బయల్దేరతారు. తారీఖు అక్కర్లేదు, క్యాలెండరు అక్కర్లేదు. అప్పటికి ఆ ఊళ్ళో ఫోను మోగేది కూడా కాదు.

నాకు భలే నచ్చింది. ఆ వారమే మొదలుపెట్టాను. ఊరెళతానన్న ప్రతి పిల్ల మణికట్టుకీ ఒక నార తాడు. మూడు రోజులకి మూడు ముడులు, ఐదు రోజులకి ఐదు. తల్లిదండ్రుల ఎదుటే కట్టేదాన్ని. "ముడులైపోయేసరికి బడిలో ఉండాలి, సరేనా?" అంటే వాళ్ళు నా మొహంలోకి తేరిపార చూసి, సరేనని తలూపేవారు.

వచ్చేశారండీ! చెప్పిన రోజుకి చెప్పినట్టు వచ్చేశారు. రెండో తరగతి పిల్లొకతి అత్త ఊళ్ళో తోచక, ఒకే రోజు రెండు ముడులు విప్పేసుకుని ముందే వచ్చేసింది. ముద్దొచ్చి ఎత్తుకున్నాను. ఏడాది తిరిగేసరికి ముప్పై ఒకరిలో ఇరవై ఐదుకి తక్కువ కూర్చున్న రోజు అరుదు.

మండలం నుంచి మా ఆఫీసరు గారు తనిఖీకి వచ్చి నిర్ఘాంతపోయారు. తలలు లెక్కపెట్టుకుని, పట్టీతో సరిచూసుకుని, తాళ్ళ సంగతి విని, మండల సమావేశంలో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. చెడ్డమనిషి కాదు. అయితే ఆయనకి పిల్లలు అంకెల్లోనే కనిపించేవారు. ఆ చప్పట్లు నా తలకెక్కాయి, దాచుకోవడమెందుకు. నేను ఒక్కరోజు కూడా సెలవు పెట్టనని, మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా బడి మానలేదని పిల్లలకి గొప్పగా చెప్పుకునేదాన్ని. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. సుక్రి అందరికంటే శ్రద్ధగా వినేది.

ఒక్క సంగతి మాత్రం నాకు తట్టలేదు. తాడంటే నాకు క్యాలెండరు. వాళ్ళకి అది మాట. తాడు పుచ్చుకుని రాకపోతే పంపినవాళ్ళని నలుగురిలో అవమానించినట్టు. ఎందుకు రాలేదో చెప్పుకోవడానికి కూడా ఉండదు. చిలకమ్మ ఇది నాకు విడమరిచి చెప్పలేదు, నాకు తెలుసుననుకుంది. నేను అడగలేదు, పని జరిగిపోతోంది కదా అనుకున్నాను.

సుక్రి

సుక్రి అప్పుడు ఐదో తరగతి. సన్నగా, నల్లగా, నూనె పెట్టని జుట్టు ఎర్రబారిపోయి ఉండేది. లెక్క ఇస్తే పెదవులు కదుపుతూ చేసేది, అయిపోగానే పలక బోర్లించి నా వైపు చూసేది. ఐదు పూర్తిచేస్తే మండలంలోని హాస్టలుండే ఆశ్రమ పాఠశాలలో చేర్పించాలని నా పట్టుదల. ఆ ఊరినుంచి అంతవరకు ఒక్క ఆడపిల్ల కూడా ఆరో తరగతి మొహం చూడలేదు. గాసి ఒప్పుకున్నాడు. "గుంటకి బుర్రుంది. సదువుకోనీ" అన్నాడు. ఆ మాట అనిపించడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

భాద్రపదంలో కొత్త కొర్రలు తినే పండగ వచ్చింది. ఊళ్ళో పూజ జరిగేదాకా అక్కడ ఎవరూ కొత్తగింజ నోట పెట్టరు. సుక్రి తల్లి మొత్తి పుట్టిల్లు గెడ్డ అవతల, అంటే కొండవాగు దాటి మూడు గంటల నడక. సుక్రిని పాలు మరిచిన దగ్గర్నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా పెంచింది అక్కడి అమ్మమ్మే. ముగ్గురూ పండక్కి వెళతామన్నారు. సుక్రి మణికట్టుకి నాలుగు ముడుల తాడు కట్టాను.

నాలుగో ముడి రోజు తెల్లవారుజాము నుంచీ ఒకటే వాన. వానకి జడిసి మిగతావాళ్ళు రాక, బడిలో ఏడుగురే ఉన్నారు. ప్రార్థన అవుతుండగా గుమ్మంలో సుక్రి కనిపించింది. నడుందాకా తడిసి ఉంది, పెదవులు నీలంగా ఉన్నాయి. వెనకే గాసి, తలమీద గోనెపట్టా.

"తెచ్చీసినాను టీచరమ్మా" అన్నాడు. అంతే అని ఇంటివైపు వెళ్ళిపోయాడు.

ఆ క్షణంలో నేనెంత పొంగిపోయానో! నా టవలు ఇచ్చి తల తుడుచుకోమన్నాను. తర్వాత తనని ముందుకి పిలిచి నిలబెట్టాను. "చూశారా? పొంగే గెడ్డ దాటి వచ్చింది. మాటంటే ఇలా నిలబెట్టుకోవాలి" అని పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించాను. సుక్రి తల ఎత్తలేదు. సిగ్గుపడుతోందనుకున్నాను. మధ్యాహ్నం కంచంలో అన్నం కెలికి వదిలేస్తే, నడిచి అలిసిపోయిందనుకున్నాను. ఇరవై రకాల సాకులు చెప్పే పిల్లల మొహాలు చదవగలననుకునేదాన్ని, నా ఎదురుగా నిలబడ్డ ఆ ఒక్క మొహం చదవలేకపోయాను.

మర్నాడు సుక్రి రాలేదు. చిలకమ్మ పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది.

"ముసల్ది పోనాది టీచరమ్మా. సుక్రి అమ్మమ్మ. నిన్న పొద్దు వాలకముందే పోనాదంట."

"ఏమైంది? పండక్కి బాగానే ఉంది కదా?"

"పండగ మర్నాడే జొరం ముంచీసినాది. గుంట సెయ్యి ఒగ్గలేదంట ముసల్ది. మొత్తి ఏడిసినాదంట, గుంటని ఉంచీయండి, ఒక్క రెండు రోజులు సూడండి అని. గాసేమో, టీచరమ్మ తాడు కట్టీసినాది, నాను తలూపీసినాను, ముడులైపోనాయి, ఎలగ ఉంచుతాను అన్నాడంట. సెయ్యి ఇడిపించి తెచ్చీసినాడు. అవతల గట్టు మీంచి కేకేసి కబురు సెప్పీసరికి గెడ్డ నిండా నీళ్ళు. తండ్రీ కూతురూ ఇవతల గట్టు మీదే ఉండిపోనారు. అవతల మట్టి సేసీసినారు."

నేను చప్పట్లు కొట్టించిన పూటే ఆ ముసలావిడ మనవరాలి కోసం తడుముకుంటూ ఉంది. పదేళ్ళ పిల్ల అదంతా లోపల పెట్టుకుని నా ముందు నిలబడితే, నేను దాన్ని మెచ్చుకున్నాను. మీ హాజరు పట్టీలో ఒక టిక్కు పడిందంటే అది ఎక్కడినుంచి ఏం వదులుకుని వచ్చి పడిందో కనుక్కోండి. నేను కనుక్కోలేదు.

తప్పు ఒప్పుకోవడానికి వెళితే

సుక్రి పది రోజులు రాలేదు. మూడుసార్లు ఇంటికి వెళ్ళాను. నా అడుగుల చప్పుడు వినగానే ఇంటి వెనక నుంచి చెట్లలోకి వెళ్ళిపోయేది. నా మీద కోపమే అనుకున్నాను, కోపం రావాల్సిందే అనుకున్నాను.

గాసి నన్ను చూసి కంగారుపడ్డాడు. క్షమాపణ అడిగితే ఆయనకి అర్థమే కాలేదు.

"నువ్వేటి తప్పు సేసినావు? మాటిచ్చినాం, నిలబెట్టీసినాం. అందులో నీ తప్పేటుంది?" అన్నాడు. "కాపోతే గుంట బడి మాటెత్తనీడం లేదు. ఎల్లమంటే మొకం తిప్పేసుకుంటాది. ఆశ్రమం బడికి కూడా ఎల్లనంటాది. నానేటి సేసేది?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు, పైగా నాకిచ్చిన మాట తప్పిపోతోందేమోనని బాధపడుతున్నాడు. దారంతా ఏడుస్తూ నడిచాను.

"మీలో ఇలాంటి తప్పు చేస్తే ఏం చేస్తారు?" అని చిలకమ్మని అడిగాను.

"సావుకి రానోలు దినానికి రావాల. వచ్చి ఆల్లతో కూకోవాల. అంతకన్నా ఏటుంటాది?" అంది.

సెలవు చీటీ రాశాను, నా సర్వీసులో మొదటిది. ఆఫీసరు గారు హుకుంపేటకి ఫోను చేసి, "మీరు సెలవా? ఎవరు పోయారు?" అని అడిగారు. "మా విద్యార్థిని అమ్మమ్మ" అన్నాను. ఆయన సంగతి ఇక్కడే ముగించేస్తాను. తర్వాతి తనిఖీలో తాళ్ళేవని అడిగారు. మానేశానని, జరిగిందంతా చెప్పాను. "మరి శాతం పడిపోతుందే!" అన్నారు. పడిపోతుందన్నాను. పడిపోయింది కూడా, తిరిగి నిలబడడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి తాళ్ళతో కాదు. ఊరెళ్ళే పిల్ల దగ్గర కూర్చుని ఎక్కడికి, ఎవరి దగ్గరికి, అక్కడ ఎవరికి ఎలా ఉంది అని అడగడంతో. అడిగి అడిగి నా గొంతు పోయేది. మీరూ అదే చెయ్యండి, ఇంకో దగ్గరిదారి నాకు తెలియదు.

దినం

చిలకమ్మ తోడు రాగా గెడ్డ దాటి వెళ్ళాను. ఆడవాళ్ళ మధ్య చాప మీద చోటిచ్చారు. మొత్తి నా పక్కన కూర్చుని కాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎవరూ నన్ను వేరుగా చూడలేదు. అడ్డాకు విస్తరిలో నాకూ వడ్డించారు.

సుక్రి దూరంగా స్తంభం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. నేను పిలవలేదు. పిలిచి పిలిచి తెచ్చుకున్నదే ఇదంతా. పొద్దు వాలుతుండగా తనే వచ్చి, నాకు ఒక చెయ్యి దూరంలో కూర్చుంది.

"అమ్మమ్మ నన్ను అడిగినాదంట" అంది నేల చూస్తూ.

"అవునమ్మా."

"నానుంటే సచ్చిపోకుండా ఉండీదేటి?"

అప్పుడు తెలిసింది నాకు. పిల్లకి నా మీద కోపం కాదు. అమ్మమ్మని తనే చంపేశాననుకుంటోంది. పది రోజులుగా ఆ చిన్న గుండెలో ఈ మాట మోసుకుని తిరుగుతోంది.

"లేదు సుక్రీ. నువ్వున్నా పోయేది. జ్వరం అప్పటికే ముదిరిపోయింది. కానీ నువ్వు దగ్గర ఉండాల్సింది. ఉండనివ్వనిది నేను. తప్పు నాది. నీది కాదు, మీ నాన్నది కాదు."

"నువ్వే సెప్పినావు గదా, మీ అమ్మకి బాగోపోయినా బడికొచ్చీసినానని."

"చెప్పాను. బడికి వెళ్ళకుండా అమ్మ దగ్గరే ఉండాల్సింది. అప్పుడు నాకు బుద్ధి లేదు."

నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "అమ్మా, టీచరమ్మకి బుద్ది లేదంట" అంది. మొత్తి ఏడుపులోంచే నవ్వింది. "ఓలమ్మ, అలగ అనకూడదే" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

సుక్రి కొంచెం జరిగి నా మోకాలికి ఆనుకుంది.

"రేపు బడుందా?"

"లేదు."

"రేపు మంగళారం. ఎందుకుండదు? అబద్దం."

"అందరికీ ఉంది. నీకు లేదు. మీ అమ్మ దగ్గర ఉండు."

"మరి నానెప్పుడు రావాల?"

నా నోటికి రోజు పేరు ఒకటి వచ్చేసింది. బలవంతాన మింగేశాను. "నీకు రావాలనిపించినప్పుడు" అన్నాను.

ఎల్లుండి వస్తానంది. ఎల్లుండి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నా సర్వీసు మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు, ఊళ్ళోకి వెళ్ళి ఆ తలుపు తట్టకుండా ఊరుకోవడం. పాఠం చెబుతూ గుమ్మం వైపే చూసేదాన్ని. ఇక రాదేమో, ఆశ్రమ పాఠశాల మాట ఇక మరిచిపోవాలేమో అనుకున్నాను. చిలకమ్మ మాత్రం, "నువ్వు బోర్డు కేసి సూడు టీచరమ్మా" అని వంటపాక లోంచి కేకేసేది.

ఐదో రోజు, ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంటే, మొత్తి గుమ్మందాకా వచ్చి ఆగింది. పక్కన సుక్రి. తలకి నూనె పెట్టి బిగించి జడ వేసి ఉంది. వెళ్ళి తన చోట్లో కూర్చుని పలక తీసుకుంది.

హాజరు పిలవడం పొద్దున్నే అయిపోయింది. తన పేరొక్కటే ఇప్పుడు పిలిస్తే అందరూ మళ్ళీ తన వైపే తిరుగుతారు. పట్టీ తెరిచి మొదటి పేరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

"ఇందాకా పిలిసీసినావు గదా టీచరమ్మా!" అన్నారు పిల్లలు.

"నోరు మూసుకుని పలకండి" అన్నాను.

ఒక్కొక్కరే నవ్వుకుంటూ పలికారు. పదిహేడో పేరు దగ్గరికి వచ్చాను. తల ఎత్తకుండానే పిలిచాను.

"సుక్రి."

"వచ్చీసినాను టీచరమ్మా."